మిల్లు బస్సును సందులోకి రప్పించిన వాజిదా

నందిగామలోని మా కాలనీ సందులోకి దారపు మిల్లు బస్సును రప్పించడమే మా వాజిదా సాధించిన మొదటి విజయం. 1998 నాటి సంగతి. తర్వాత ఆమె ఎన్ని చేసినా నేను ముందు దీన్నే చెబుతాను. కళ్లారా చూశాను, ఓ చెయ్యి కూడా వేశాను మరి.

జగ్గయ్యపేట దగ్గరి మిల్లువాళ్లు మా ఆడవాళ్లకు పనిస్తామన్నారు. పేర్లిచ్చినవాళ్లలో చాలామంది చేరనేలేదు. ఈ కాలనీవాళ్లకు పని మీద ధ్యాస లేదని మేనేజరు తేల్చేశాడు. ఇంటి ముందు బట్టలు కుట్టుకునే వాజిదా బస్సెక్కి వెళ్లి ఆయన ఎదుటే నిలబడింది.

“పని వద్దనడం లేదండి. చీకటితో హైవే దాకా నడిచి, లారీల మధ్య మీ బస్సు కోసం నిలబడటం వద్దంటున్నారు. బస్సును మా సందులోకే పంపండి.”

మా సందులో బస్సు తిరిగితే సరే, లేదంటే కంచికచర్ల మనుషులను పెట్టుకుంటామన్నాడాయన. ఆదివారం బస్సు పంపి చూస్తానన్నాడు.

ఆ రోజు డ్రైవరు స్తెఫను సందు మొదట్లోనే ఆగిపోయాడు. రెండు వైపులా పందిళ్లే.

“ఇది బస్సమ్మా, మేక కాదు.”

“మేకైతే నిన్నెందుకు పిలుస్తానన్నా?”

అలా అంటూనే కుట్టు మిషను లోపలికి జరిపి, తన పందిరే ముందు విప్పేసింది. ఆ నీడలోనే ఆమె బతుకుతెరువు. ఆ వెంటనే నాది విప్పాను. చూస్తుండగానే సందంతా కదిలింది. బస్సు లోపలికొస్తుంటే ఒళ్లు పులకరించిందనుకోండి!

మలుపులో తిరుపతమ్మ పందిరొక్కటే మిగిలింది. కోడల్ని గడప దాటనివ్వని మనిషి. గుంజ పట్టుకుని వదల్లేదు. బతిమాలాం, తిట్టాం కూడా. ఆమె స్తెఫను వైపే చూసింది.

“నా కోడల్ని ఈ గుమ్మం ముందే దించుతావా?”

“ఇక్కడే దించుతా పిన్నీ.”

“అయితే పీకండి.”

బస్సు తిరిగింది. సోమవారం తెల్లవారుజామున ఆ కోడలే అందరికన్నా ముందు ఎక్కింది.

అప్పటినుంచి మనిషి కావాలంటే మేనేజరు వాజిదాకే కబురు పెడతాడు. సిమెంటు ఫ్యాక్టరీవాళ్లనూ ఆసుపత్రివాళ్లనూ మా బడి వరండాకే పిలిపించి ఇంటర్వ్యూలు జరిపించింది. గరికపాడు దాబాల్లో గిన్నెలు కడిగే మావాళ్లకు డ్రైవింగు నేర్పించి లైసెన్సులు ఇప్పించింది. ఏ ఆఫీసూ మా గుమ్మందాకా రాని రోజుల్లో ఇవన్నీ చేసింది.

ఇప్పుడు మిల్లులో కొత్త మిషన్లు దిగుతున్నాయి. నేర్చినవాళ్లకే పని అన్నారు. మావాళ్ల ఉద్యోగాలకు మళ్లీ ఎసరొచ్చింది. వాజిదా ఊరుకుంటుందా? మేనేజరును ఒప్పించి, మిల్లు ఖర్చుతోనే అందరినీ శిక్షణకు కోయంబత్తూరు తీసుకెళ్లింది. నిన్న ఫోను చేసింది.

“అందరూ పాసయ్యారు బాబాయ్.”

వాళ్లు తిరిగొచ్చి మా సందులో దిగేది 2003 ఆగస్టు 9, శనివారం.