వరుస తప్పిన గొట్టాలు

మా పక్కింటి మ్యూజిక్ మాస్టారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసులో ఉన్నాను. ఆ మాట విని, మళ్లీ వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాను. తెర మీద ఏముందో గుర్తు లేదు.

బడిలో సంగీతం చెప్పి రిటైరైన ఆయన కొత్తగూడలో ఒంటరిగా ఉండేవారు. సికింద్రాబాద్‌లో ఓ పాత సినిమా హాలు కూలగొడుతున్నారని తెలిసి, మూకీ సినిమాలకు వాయించిన పైప్ ఆర్గన్‌ను తుక్కుపాలు కాకుండా ఇంటికి తెచ్చుకున్నారు. మీరు చూసి ఉండరు; గాలి పంపితే ఒక్కో గొట్టం ఒక్కో స్వరం పలుకుతుంది. వెదురు బొంగంత పొడుగువి, పెన్నంత పొట్టివి, కాలనీ ఆడవాళ్లిచ్చిన పాత చీరల్లో చుట్టుకుని లారీలోంచి దిగాయి.

"ఇదేంటండీ మాస్టారూ, వంటకి కూడా చోటు మిగల్లేదు" అంది అమ్మ.

"వంటదేముందమ్మా, మీ ఇంట్ల తింట" అన్నారాయన.

ఆ ఆర్గన్ ఒక్కసారి పూర్తిగా మోగితే వినాలి. ఆయన కోరికల్లా అదే. ఏ గొట్టం ఎక్కడిదో దాని మీదే సుద్దతో రాసుకున్నారు. ఇంతలో ఆయాసం ఎక్కువై, తాళంచెవి అమ్మకిచ్చి దవాఖానలో చేరారు. ఆయన వచ్చేసరికి ఇల్లు కళకళలాడాలని అమ్మ, వీధిలోని ఆడవాళ్లు కలిసి చీరలు విప్పి, నల్లబడ్డ గొట్టాలన్నిటినీ పండగకు ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు పెట్టి తోమేశారు. వెండిలా మెరిశాయి. సుద్ద రాతలు ఒక్కటీ మిగల్లేదు.

ఆటో దిగిన మాస్టారు వరండాలో ఆరబెట్టినవి చూసి మెట్టు మీదే కూలబడ్డారు. ఆయన ముఖం చూశాక గానీ అమ్మకు అర్థం కాలేదు.

"ఫికర్ చెయ్యకమ్మా. గిన్నెల లెక్క తోమినవంటే, ఇంట్లదే అనుకున్నవ్ గద" అన్నారు.

అప్పట్నుంచి ఒక్కో గొట్టాన్నీ ఊది, స్వరం పోల్చి, హాల్లో నేల మీద వరుసగా పేర్చడం మొదలైంది. ఆయనకు ఊపిరి చాలదు, ఊదేది నేను. ఏ పనిలోనూ నిలవలేని నాకు కుదురంటే ఏమిటో ఆ నేల మీదే తెలిసింది.

"జర మెల్లగ, బిడ్డా. రైలుకు పోతున్నవా ఏంది?" అనేవారు.

ఆఫీసు టవర్ల కోసం కాలనీ పక్కనున్న గుట్ట మీద బండలు పేల్చినప్పుడల్లా దుమ్ము లేచేది. ఆయన దగ్గు తగ్గేదాకా ఆగేవాళ్లం. అలా ఆగడం రానురాను ఎక్కువైంది. వరుస సగం కూడా కాకముందే అమ్మ ఆ ఫోన్ చేసింది.

అంత్యక్రియల రోజు మాస్టారి శవపేటికను హాల్లో ఉంచుదామన్నారు ఆయన చర్చివాళ్లు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దండి. ఆయన పేర్చుకున్నవి కదలకూడదు."

వరండాలోనే ఉంచారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా గుట్ట మీద బండ పేలింది. నేల అదిరింది. లోపల హాల్లో గొట్టాలు ఒకదానికొకటి తగులుతూ దొర్లాయి. ఇదివరకైతే మాస్టారు వంగి, ఒక్కోదాన్నీ దాని చోటికి జరిపేవారు. ఎవరూ కళ్లు తెరవలేదు. ఆ చప్పుడు ఆగేదాకా పాస్టరుగారు కూడా ఆగారు.