లాంతరబ్బ తిన్న సంగటి

ఆదిమూలం లోకంలో ఎవర్నీ నమ్మేవాడు కాదు. దామలచెరువు దాటినాక రోడ్డు వంపు తిరిగే చోట రాజారత్నం గుత్తకు తీసుకున్న మామిడితోటకు అతను కావలి. పూత నిలబడింది మొదలు చివరి కాయ లారీ ఎక్కేదాకా తోటలోనే కాపురం. బోదగడ్డి కప్పిన కొట్టంలో తను, పెళ్ళాం కుప్పమ్మ, ఎనిమిదేళ్ళ కూతురు పంకజాక్షి. రోడ్డు మీద బస్సు ఆగితే ఎందుకు ఆగిందో తెలుసుకుంటే గానీ కూర్చునేవాడు కాదు. ఎండుటాకు చప్పుడైతే అది గాలికా, కాలికా అని చెవి ఒగ్గి వినేవాడు. కుప్పమ్మ తమ్ముడు అక్కను చూడవచ్చి పోతుంటే రోడ్డు దాకా వెంట నడిచి బస్సెక్కించేవాడు. చూసినవాళ్ళు ఎంత మర్యాదో అనుకునేవాళ్ళు. తమ్ముడి తుండుగుడ్డలో ఏముందో చూడ్డానికేనని కుప్పమ్మకు తెలుసు.

పుట్టుకతో అట్లాంటి మనిషి కాదు. కావలికి కుదిరిన తొలి ఏడు ఒక పెద్దాయన దాహమని వచ్చి, నీళ్ళు తాగి, నులకమంచం మీద కూర్చుని, తిరుచానూరు పంచమి తీర్థం సంగతులు కమ్మగా చెప్పినాడు. ఆయన లేచి పోయేసరికి తోటకు ఆ కొసన ఉన్న బేనీషా చెట్లు బోసిపోయి ఉన్నాయి. కథ చెప్పినాయనా, కాయలు కోసినవాళ్ళూ ఒకే జట్టు. గుత్తదారు తిట్టిన తిట్లు ఆదిమూలం మరిచిపోయినాడు గానీ, నోరు తెరుచుకుని కథ విన్నానే అన్న సిగ్గు మాత్రం పోలేదు. అప్పటినుంచి ఎవరు తియ్యగా మాట్లాడినా అతను ముఖం చూడడు, చేతులు చూస్తాడు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఊరి బడి ముందర సినిమా బండి వచ్చి ఆగింది. ఎప్పుడూ మలేరియా దోమల గురించో, చిన్న కుటుంబం గురించో చూపించే బండి. ఈసారి జపాన్ బొమ్మల సినిమా తెచ్చినారు. మనుషులు లేరు, అన్నీ గీసిన బొమ్మలే, కానీ నడుస్తాయి, నవ్వుతాయి. మాటలు ఎవరికీ అర్థం కావు. బండాయన మైకు పట్టుకుని అక్కడక్కడా తెలుగులో చెప్పినాడు. ఒక పల్లెటూరు. వరి కయ్యలు, వెదురు పొదలు, ఏవో ఎర్రపండ్ల తోట. తోడు లేని ఒక పాప రోజూ ఆ తోటలో ఆకు మీద అన్నం ముద్ద పెట్టిపోతుంది. లాంతరు లాంటి తలకాయ, మోకాళ్ళ దాకా చేతులు ఉన్న ఒక వింత ప్రాణి వచ్చి దాన్ని తిని, బదులుగా గవ్వో గులకరాయో పెట్టిపోతుంది. పెద్దవాళ్ళ కళ్ళకు అది కనబడదు. పాపకు మాత్రం అదే స్నేహితుడు.

పెద్దవాళ్ళు సగంలోనే లేచిపోయినారు. పిల్లలు కదల్లేదు. తెరకు ఇవతల ఊరి పిల్లలు, అవతల వాగుగట్టున గుడిసెలు వేసుకున్న యానాదుల పిల్లలు. అవతలివైపు నుంచి చూస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది, అంతే తేడా. ఆదిమూలం మాత్రం తెర చూడలేదు. ఊరంతా ఇక్కడ కూర్చుంటే ఎవరెవరు రాలేదో అని తలకాయలు చూస్తూ నిలబడి, మధ్యలోనే తోటకు పరుగెత్తినాడు.

సినిమా చూసిన మరుసటి రోజు నుంచే పంకజాక్షి ఒక ముద్ద సంగటి, దాని మీద చెనిక్కాయలు నూరిన ఊరిబిండి మోదుగాకులో పెట్టుకుని తోట చివర్న ఉన్న పాత నీలం మామిడిచెట్టు కిందికి పోవడం మొదలుపెట్టింది.

"ఎవురికి మే అది?" అన్నాడు ఆదిమూలం.

"లాంతరబ్బకు."

"యాడుంటాడు వాడు?"

"ఈ తోటలోనే. నీకు కనపడడులే నాయనా. పెద్దోళ్ళకు కనపడడు."

కుప్పమ్మ నవ్వింది. ఆదిమూలం నవ్వలేదు. సాయంత్రం చెట్టు దగ్గరికి పోయి చూసినాడు. సంగటి లేదు. కాకులు తిని ఉంటే ఆకు చీలికలై ఉండాలి. కుక్క తిని ఉంటే ఆకు ఎక్కడో పడి ఉండాలి. ఆకు మాత్రం నాలుగు మడతలు పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టి ఉంది. మడత పెట్టేవి చేతులే.

తర్వాత బదులు వస్తువులు రావడం మొదలైంది. ఒకరోజు ఈతాకుతో అల్లిన గిలక. ఇంకోరోజు నెమలీక. ఆ తర్వాత తాటాకు చిలక, దానికి గురివింద గింజల కళ్ళు. పంకజాక్షి వాటిని కొట్టం చూరులో వరసగా గుచ్చింది. ఆదిమూలం ఒక్కో వస్తువునూ పెరికి, తిప్పి తిప్పి చూసి, మళ్ళీ గుచ్చేవాడు. ఆ ఏడు మా వైపు పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు. బొమ్మలిచ్చి మచ్చిక చేసుకుంటారంట, తర్వాత గోనెసంచిలో వేసుకుని రైలెక్కిస్తారంట. తన కాపలా మామిడికాయలకే సరిపోయింది, బిడ్డకు లేదు అనుకున్నాడు.

"ఆపక్కకు పోవద్దు మే," అని కూతురికి చెప్పినాడు. పంకజాక్షి సరేనన్నది. ఆమె సరేనన్న తీరు కూడా అతనికి నచ్చలేదు.

సినిమా బండాయన మీద అనుమానం కలిగింది. పాకాల దాకా పోయి వాకబు చేస్తే బండి ఎప్పుడో మదనపల్లె వైపు వెళ్ళిపోయిందని తెలిసింది. రోడ్డు పక్క టీకొట్టు చిన్నబ్బను అనుమానించినాడు. చిన్నబ్బకు కాలు సరిగా ఆడదు, కంచె దాటలేడు. చివరికి తమలపాకులమ్మే ముసలామె మీద కూడా రెండు పూటలు కన్నేసినాడు.

ఒకనాడు ఎండ చిటచిటలాడే వేళ తోట బావి దగ్గర పసుపు పంచె కట్టిన మనిషి కనిపించినాడు. నెరిసిన గడ్డం పెరిగి, చెప్పుల్లేని కాళ్ళతో ఉన్నాడు. చంకలో సంచి, సంచిలోంచి తాటాకు విసనకర్ర తొంగిచూస్తోంది. తాటాకు కనపడేసరికి ఆదిమూలానికి ఇంకేమీ అక్కర్లేకపోయింది. వెనకనుంచి పోయి మెడ మీద చెయ్యి వేసినాడు.

"సామీ, సామీ, ఇడువు! నేను వేలూరు పక్కనించి వస్తా ఉండా. కొండకు నడిచి పొయ్యే మొక్కు. కొంచెం తన్నీరు పట్టుకునేదానికి దిగినా," అన్నాడు ఆ మనిషి అరవం కలిసిన తెలుగులో. చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు ఒలికినాయి.

"నీళ్ళకు రోడ్డు మీద కొళాయి లేదా? నా బిడ్డకు చిలక ఇచ్చింది నువ్వే గదా?"

"యే చిలక సామీ?"

ఆదిమూలం అతన్ని టీకొట్టు దాకా ఈడ్చుకొచ్చినాడు. బస్సు కోసం నిలబడినవాళ్ళు మూగినారు. పిల్లల్నెత్తుకుపోయేవాడు దొరికినాడంట అనే మాట నోటినుంచి నోటికి పాకింది. ఒకడు తుండుగుడ్డతో చేతులు కట్టేసినాడు. ఇంకొకడు కట్టె అందుకున్నాడు. ఆ పెద్దాయన కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అనుకుంటున్నాడు.

పంకజాక్షి ఆయాసపడుతూ జనంలోంచి దూరి వచ్చింది. "నాయనా, ఈయన గాదు! ఇడిసిపెట్టు!"

"నీకెట్లా తెలుసు మే?"

"లాంతరబ్బకు సిన్న చేతులు. ఇంత పెద్దవి గావు."

సినిమాలో లాంతరు తలకాయ వాడికి మోకాళ్ళ దాకా చేతులని ఊరందరికీ తెలుసు. పంకజాక్షి నాలుక కరుచుకుంది. అది ఒక్క ఆదిమూలమే గమనించినాడు. పెద్దాయన కట్లు విప్పించినాడు. చిన్నబ్బ టీ గ్లాసు అందిస్తే ఆయన తీసుకోలేదు. చెంబు ఎత్తుకుని, ఒలికిపోగా మిగిలిన నీళ్ళు చూసుకుని, చంద్రగిరి దారి పట్టినాడు. ఆయన వంపు తిరిగేదాకా ఆదిమూలం తలవంచుకుని నిలబడినాడు. తిట్టి ఉంటే బాగుండేదని కుప్పమ్మతో చాలాసార్లు అన్నాడు.

కానీ అనుమానం పోలేదు. ఈసారి అది సొంత కూతురి మీదికి మళ్ళింది. ఆమె ఎవర్నో చూసింది. చూసి దాస్తోంది.

మరుసటి మధ్యాహ్నం తిరుపతికి పోతున్నానని ఇంట్లో చెప్పి, బస్సెక్కి, తర్వాతి స్టాపులో దిగి, కయ్యల్లో అడ్డంగా నడిచి వచ్చి నీలం చెట్టు వెనక ఎండుకొమ్మల చాటున కూర్చున్నాడు. పంకజాక్షి వచ్చి ఆకు పెట్టి వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి కంచెలో ముళ్ళ మధ్య ఒక సందులోంచి తల ఒకటి దూరింది. చింపిరి జుట్టు, చిరిగిన పావడ. యానాది పిల్ల. పంకజాక్షి కంటే ఒక ఏడాది చిన్నదేమో. సంగటి ముందర కూర్చుని, సగం తుంచి, మిగతా సగం పావడ చెంగులో కట్టుకుంది. తిన్నాక ఆకును జాగ్రత్తగా మడత పెట్టింది.

ఆదిమూలం లేచి జబ్బ పట్టుకున్నాడు. పిల్ల అరవలేదు. చెంగు ముడి గట్టిగా పట్టుకుంది.

"ఎవురి బిడ్డవు?"

"ఓబయ్య బిడ్డను. మునెమ్మ."

"ఎన్ని కాయలు ఎత్తకపోయినావు? మీ నాయన పంపినాడా? చెంగులో ఏముండాది, ఇప్పు!"

చెంగు విప్పింది. సంగటి ముక్క, అల్లడం మొదలుపెట్టిన తాటాకు, నాలుగు గురివింద గింజలు. మామిడికాయ లేదు, పిందె కూడా లేదు.

"ఇంత సంగటి దాచినావు ఎందుకు?"

"మా యమ్మకు."

"మరి ఈ చిలకలూ గిలకలూ?"

పిల్ల అతన్ని వింతగా చూసింది. "లాంతరబ్బ తిని ఊరికే పోడు గదా. ఏమన్నా ఒకటి పెట్టాల. బొమ్మల్లో అట్లనే పెట్టినాడు."

ఆదిమూలం చెయ్యి వదిలేసినాడు. అప్పుడు వెనక ఆకుల చప్పుడైంది. పంకజాక్షి నిలబడి ఉంది. ఏడుస్తోంది, కోపంగా కూడా ఉంది.

"నీకు ముందే తెలుసా మే?"

"రెండోరోజే సూసినా. తెర ఆపక్క కూర్చున్న పాపే. ఆ పాపకు నేను సూసినట్టు తెలీదు."

"మరి నాకెందుకు సెప్పలా?"

"సెప్తే తరిమేస్తావు గదా నాయనా. నువ్వు అందర్నీ తరిమేస్తావు. అందుకే లాంతరబ్బ అన్నా. లాంతరబ్బను నువ్వు తరమలేవు."

ఇన్నాళ్ళుగా ఎవరిమీదో కన్నేసి తిరుగుతున్న తనమీద తన కూతురే కన్నేసి ఉందని అతనికి అప్పుడు తెలిసింది. "ముళ్ళ సందులో దూరొద్దు, ఒళ్ళు గీరుకుంటుంది. దోవలో రా," అని మునెమ్మతో అని, కొట్టం వైపు నడిచినాడు.

ఆ తర్వాత ఇద్దరు పిల్లలూ బాహాటంగానే ఆడుకున్నారు. విచిత్రం ఏమంటే, ఎదురెదురుగా కూర్చుని కూడా లాంతరబ్బ గురించి మాట్లాడుకునేవాళ్ళు, ఈరోజు వాడికి జలుబు చేసిందని, వాడు కోతులతో తగాదా పడినాడని. కుప్పమ్మ మొదట్లో మునెమ్మకు ఆకులోనే పెట్టేది, తర్వాత గిన్నె ఇచ్చింది.

ఆదిమూలం మారిపోయినాడని అనుకోవద్దు. పొద్దునా మాపునా వాగుగట్టుకు పోయి యానాదుల గుడిసెల చుట్టూ తిరిగేవాడు. కుండల్లోకి తొంగిచూసేవాడు. ఓబయ్య తేనె పిండుతూ, ఎలుకల బుట్ట అల్లుతూ అతన్ని చూసి, "సూసుకోన్నా, బాగా సూసుకో," అనేవాడు.

నీలం కాయలు దించే ముందర, ఒక తెల్లవారి చూస్తే రోడ్డు పక్క చెట్లు ఖాళీ. రాజారత్నం మోటారు సైకిలు మీద వచ్చి దిగినాడు. టీకొట్టు ముందర జనం చేరినారు.

"ఇంకెవురు? వాగుకాడ యానాదోళ్ళే. స్టేషన్లో చెప్పి ఈ పూటే గుడిసెలు పీకిస్తా," అన్నాడు రాజారత్నం.

"వాళ్ళు గాదు," అన్నాడు ఆదిమూలం.

"నీకెట్లా తెలుసప్పా?"

"నేను అనుమానపడినంతగా వాళ్ళను ఇంకెవురూ అనుమానపడి ఉండరు. కుండలు తెరిచి సూసినా. పడుకునే సాపలు ఎత్తి సూసినా. ఈ పొద్దు గూడా తెల్లారకముందే పొయ్యి సూసొచ్చినా. ఆడ ఒక్క మామిడి టెంక లేదు. వాళ్ళు గాదు."

"మరి ఎవురు?"

"తెలీదు. నిన్ను గూడా అనుకున్నా."

రాజారత్నం ముఖం ఎర్రబడింది. చిన్నబ్బ పకపక నవ్వినాడు. "ఆదిమూలమే కాదంటే ఇంక కాదప్పా. వాడు దేవుణ్ణి గూడా నమ్మడు," అన్నాడు. నవ్వు అందరికీ అంటుకుంది. రాజారత్నం గొణుక్కుంటూ బండెక్కినాడు. స్టేషనుకు పోలేదు. దొంగ ఎవరో ఎప్పటికీ తేలలేదు. గుడిసెలు మాత్రం నిలబడినాయి.

జూన్‌లో బడి తెరిచినప్పుడు పంకజాక్షి మునెమ్మను లాక్కుపోయి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మునెమ్మ కొన్నాళ్ళు వచ్చేది, తేనె కాలంలో తల్లిదండ్రులతో అడవికి పోయేది, మళ్ళీ వచ్చేది.

మరుసటి ఏడు కోతకు ఆదిమూలమే ఓబయ్యను పనికి పిలిచినాడు. పని ముగిసినాక కూలీలందరి సంచులూ గేటు దగ్గర విప్పించి చూసేవాడు. ఓబయ్యది అందరికంటే ఎక్కువసేపు చూసేవాడు. ఒక సాయంత్రం ఓబయ్య సంచి విప్పి దులిపి చూపించి, అక్కడే నిలబడిపోయినాడు.

"ఇంకేంది?" అన్నాడు ఆదిమూలం.

"నీది గూడా విప్పన్నా. సూస్తా."

ఆదిమూలం అతని ముఖం చూసినాడు, చేతులు కాదు. తర్వాత భుజం మీది సంచి దించి, నేల మీద పెట్టి, మూతి తాడు విప్పినాడు. ఓబయ్య గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టి అడుగుదాకా వెదికి, "సరే, పో," అన్నాడు.