మూత పెట్టిన చలిమిడి డబ్బా

డెబ్బైల్లో మేం కోస్తా నుంచి వచ్చి కిషన్‌బాగ్‌లో కాపురం పెట్టిన కొత్తలో నాకు ఏడో నెల. కడుపుచలవకని అమ్మ ఇచ్చిన చలిమిడి డబ్బా ఒళ్లో పెట్టుకుని బహదూర్‌పురాలో బస్సెక్కాను. మరచెంబులో నీళ్లు అప్పుడే అయిపోయాయి. పక్కన కూర్చున్న నడివయసు ఆవిడను అడిగి ఆవిడ సీసా కూడా ఖాళీ చేశాను.

“గింత దూప ఏంది బిడ్డా?” అంది.

“ఎండలు కదండీ. కడుపు కూడా పెద్దదే, మగపిల్లాడంటున్నారు,” అని నవ్వుతూ చలిమిడి పెట్టబోయాను.

ఆవిడ తీసుకోలేదు. డబ్బాకు మూత పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

“నాకు గూడ గట్లనే ఎండలన్నరు. కడుపు జూసి మా అత్త మస్తు మురిసింది, లడ్డూలు తినిపిచ్చింది. కొడుకు బొద్దుగ పుట్టిండు. ఏడ్వలే. నాకు షుగరుండెనని డాక్టరమ్మ అటెన్క జెప్పింది. నువ్వు ఫికర్ జెయ్యకు గని, రేపే దవాఖానకు పోయి షుగరు పరీక్ష జేయించుకో.”

“బాబు పేరు?” అన్నాను.

“పెట్టనియ్యలే, బిడ్డా.”

పురానాపూల్ దగ్గర దిగిపోయింది. మళ్లీ ఎన్నడూ కనిపించలేదు.

మర్నాడు పరీక్షలో నాకూ షుగరు తేలింది. పురిటి దాకా పథ్యం, ఇంజెక్షన్లు. మా అమ్మాయి పుట్టగానే గదంతా మారుమోగేలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ మంచం మీది నుంచే భగవంతుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పటికీ పూజలో అమ్మాయి పేరు చెప్పి ఒక పువ్వు పెడతాను. ఇంకో పువ్వు, ఏ పేరూ చెప్పకుండా పెడతాను.