ఫ్రిజ్ వీపు

మొన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ తెచ్చిన కుర్రాడు, గోడకు మరీ ఆనించకండి, వెనక కాస్త ఖాళీ ఉంచండి అని చెబుతుంటే మా అత్తగారు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

డెబ్బైల చివర్లో నేను కొత్త కోడలిగా ఉక్కు కార్ఖానా కాలనీ అయిన అగ్రికోలోని రెండు గదుల క్వార్టర్‌కు వచ్చేసరికే మామగారికి షుగర్ ముదిరి, రోజూ ఇన్సులిన్ సూది పడితే తప్ప గడిచేది కాదు. ఆ సీసాల కోసమే మా వారు ఫ్రిజ్ కొన్నారు. మన ఈడు వాళ్లకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో ఫ్రిజ్ అంటే ముందు గదిలో కూర్చోబెట్టే పెద్దమనిషి! కార్ఖానా పొగగొట్టాల మసి పడి ఎక్కడ నల్లబడుతుందోనని, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా అత్తగారు మందపాటి దుప్పటితో, తలుపు మాత్రం వదిలి, వెనకా పక్కలా కప్పేలా దానికో గౌను కుట్టి తొడిగి గోడకు ఆనించి పెట్టించారు.

మే నెల వడగాల్పులు మొదలయ్యాక ఆ ఫ్రిజ్ ఆగకుండా రొద పెట్టేదే గాని లోపల మంచినీళ్లు కూడా చల్లబడేవి కావు. మందు పాడైతే మామగారి గతేమిటని ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది, బాగుచేసే మనిషేమో జుగ్సలాయి బజారు నుంచి రేపొస్తా మాపొస్తా అంటున్నాడు. ఒక మధ్యాహ్నం అత్తగారు ఉండబట్టలేక గౌను లోపలికి చెయ్యి దూర్చి, చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

"ఓలమ్మా, దీని ఈపు కాలిపోతందే! లోపల ఉడుకంతా ఇటేపు వత్తంది. మనం దుప్పటి కప్పీసి దాన్ని బయటికి పోనీకుండా సేసీసినాం," అన్నారు.

ఇద్దరం కలిసి గౌను విప్పి ఫ్రిజ్‌ను ముందుకు జరిపితే పొద్దు వాలేసరికి సీసాలు చల్లబడ్డాయి. డ్యూటీ నుంచి వచ్చిన మా వారు అమ్మ చెప్పింది నిజమేనని, గొట్టాల్లో తిరిగే ద్రవం లోపలి వేడిని తాగి ఆవిరై, వెనక్కి వచ్చి దాన్ని కక్కేసి మళ్లీ నీరవుతుందని, ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుందంతేనని చెప్పారు. ఎంత గొప్ప ఉపాయమో అని ఎన్నాళ్లో అబ్బురపడ్డాను.

అయితే జరిపిన ఫ్రిజ్ వెనక వేడిగాలి తిన్నగా ఆ ముందు గదిలోనే ఉన్న అత్తగారి మంచం మీదికే వచ్చేది. మామగారిని లోపలి గదిలో చల్లగా పడుకోబెట్టి, ఆ వేసవంతా ఆవిడ అక్కడే పడుకున్నారు, ఉక్కగా ఉందని ఒక్కనాడూ అనలేదు. ఆవిడంటే నాకు గౌరవం ఏర్పడింది అప్పుడే.

ఇప్పుడు మాకు గదికో ఏసీ, అందరికీ చల్లగానే ఉంటోంది. ఇంట్లో వేడిని తన వైపు తిప్పుకునే మనిషే లేదు.