మూడు ఆయ్‌లు, ఒక గేర్‌బాక్సు

మా ఆవిడ సునీతది రాజోలు దగ్గర పల్లెటూరు. కాలేజీ చదువంతా రాజోలులోనే వాళ్ళ పిన్ని కరుణమ్మగారింట్లో ఉండే చదువుకుంది. పిన్నిగారు ప్రైమరీ స్కూలు టీచరు. ఎండైనా వానైనా నడిచే బడికి వెళ్ళేవారట. "నువ్వు రిటైరైన రోజున నిన్ను నా సొంత బండిలో ఊరేగించి ఇంటికి తీసుకొస్తా పిన్నీ" అని సునీత చదువుకునే రోజుల్లోనే మాటిచ్చింది. ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి స్కూల్లో వీడ్కోలు సభ అయిపోతుంది, బ్యాండు మేళం కూడా మాట్లాడేశారు. ఇక కావలసిందల్లా బండి. అది నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత ఫోర్‌వీల్ జీపు. చూడ్డానికి మాత్రం దొరలాగే ఉండేది.

ముందురోజు కర్నూలు నుంచి బయల్దేరి రాత్రికి విజయవాడలో ఆగాం. తెల్లవారుజామున ఐదింటికి కదిలి, ఏలూరు, తణుకు మీదుగా సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం చేరేసరికి ఎనిమిదిన్నరయింది. మీరూ అటు వెళ్ళేట్టయితే ఇదే దారి పట్టండి. రావులపాలెంలో హైవే వదిలి కుడికి తిరిగితే కొత్తపేట, అక్కణ్ణించి అమలాపురం. అరటిగెలల లారీల వెనక మెల్లగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంది. రోడ్డు ఖాళీ అయి స్పీడు పెంచగానే కాళ్ళ కింద గలగల మొదలైంది, స్టీలు డబ్బాలో వేరుశనక్కాయలు పోసి ఊపినట్టు. యాక్సిలరేటరు తొక్కితే పెరుగుతుంది, వదిలితే కాస్త తగ్గి మళ్ళీ వస్తుంది. సునీత మొహం చూస్తే నాకు దిగులేసింది.

కొత్తపేటలో టిఫిను కోసం ఆగాం. సునీత లోపల పెసరట్టు తింటూంటే నేను హోటలాయన్ని బయటికి పిలిచి బండి చూపించాను. "సైలెన్సరు ఊడిందంటారా?" అన్నాను. "ఆయ్" అన్నాడాయన. పక్కనే పంక్చర్ల దుకాణం ఉంటే అతన్నీ అడిగాను, వెనక చక్రాల్ని తిప్పే షాఫ్టు జాయింటేమైనా పోయిందా అని. "ఆయ్, అవునండీ, పోయే ఉంటదండీ" అన్నాడు. మా కర్నూలు వైపు ఎవరితో ఏమన్నా ముందు 'కాదన్నా' అనే మాటే వినబడుతుంది. ఇక్కడ నేనేమన్నా చటుక్కున ఒప్పేసుకుంటున్నారు. బండి గురించి నాకింత తెలుసా అని లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

పదింటికి అమలాపురం. గడియార స్తంభం దగ్గర అడిగితే పాత జీపులకి సత్తిబాబుగారి షెడ్డుకే వెళ్ళమన్నారు. స్కూలుకి కబురు చెప్పాలని సునీత ఎస్టీడీ బూత్‌కి వెళ్ళింది. సత్తిబాబుగారు బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నారు. నేను ఆయన్ని నోరు తెరవనిస్తేనా!

"క్లచ్ ప్లేటు పోయినట్టుంది, కదండీ?"

"ఆయ్."

"అంటే గేర్‌బాక్సు దించాలి."

"ఆయ్. దించమంటే దించేద్దామండీ."

"సాయంత్రానికి అయిపోతుందిగా?"

"ఆయ్. రేపు సాయంత్రానికైతే అయిపోద్దండీ."

సభ అయ్యేదేమో ఈ రోజు నాలుగింటికి! ఆయన అప్పుడే జాకీ పెట్టించి స్పానర్లు తీస్తున్నారు. ఇంతలో సునీత వచ్చి, "ఏంటండీ సత్తిబాబుగారూ, ఏం పోయిందంటారు?" అనడిగింది.

"నాకేం తెల్సండీ అమ్మాయిగారూ! నేనింకా చప్పుడే వినలేదు. అయ్యగారు గేర్‌బాక్సు దించమన్నారు, దించుతున్నాను."

నేను సునీత వైపు తిరిగాను. సునీత పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదండీ, 'వింటున్నానండీ, చెప్పండి' అని. ఇంటికొచ్చిన మనిషి మాట కాదంటే బాగోదు కదా!" అంది. సత్తిబాబుగారు కూడా "ఆయ్" అన్నారు. ఈసారది ఏ ఆయో నేను అడగలేదు.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. బండి నిలబెట్టి, గేరులో వెయ్యకుండా ఇంజను నడిపిస్తూ ఆయన క్లచ్ తొక్కారు, వదిలారు. రెండుసార్లూ చప్పుడు లేదు. "క్లచ్చూ, గేర్‌బాక్సు లోపలి పళ్ళూ అయితే ఇక్కడే గోల పెట్టేవండీ. రోడ్డు మీదికెళ్దాం పదండి" అన్నారు. స్టీరింగు ఆయన తీసుకున్నారు, నేను పక్కన, సునీత వెనక. కాలవగట్టు రోడ్డు మీద మూడో గేరులో పడగానే గలగల మొదలైంది. ఎడమవైపని నేను, కాదు మధ్యలోంచని సునీత. ఆ వాదన తేల్చడానికి ఆవిడ మా ఇద్దరి మధ్యలోంచి ముందుకి వంగి, "ఇదిగో, ఇక్కడండీ!" అంటూ ఫోర్‌వీల్‌కి, అంటే నాలుగు చక్రాలూ తిప్పడానికి, వేసే చిన్న గేరు రాడ్డు పట్టుకుంది.

చప్పుడు ఆగిపోయింది.

చెయ్యి తీసింది, గలగల. పట్టుకుంది, నిశ్శబ్దం. ముగ్గురం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. "అమ్మాయిగారు పట్టేసేరండీ!" అన్నారు సత్తిబాబుగారు స్టీరింగు మీద చరుస్తూ.

షెడ్డుకి తిరిగొచ్చి కిందికి దూరి చూస్తే సంగతంతా తేలిపోయింది. గేర్‌బాక్సుని మోసే రబ్బరు దిమ్మ రెండుగా చీలిపోయింది. యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా గేర్‌బాక్సు ఎగిరి పడుతోంది, మొదట్లో ఉండే తొడుగు, అదే బుష్షు, అరిగిపోయిన ఆ చిన్న రాడ్డు దాంతోపాటు గలగలలాడుతోంది. కొత్త దిమ్మ స్తంభం పక్క వీధిలోనే దొరికింది. బుష్షు దొరకలేదు. ట్రాక్టరు ట్యూబు ముక్క కోసి రాడ్డు మొదట్లో బిగించి, "కాకినాడలో దొరికినప్పుడు మార్పించుకోండి, అందాకా ఇది చాలు" అన్నారు. అన్నీ కలిపి మూడొందలు కూడా కాలేదు. టైము రెండు దాటింది.

అంబాజీపేట, పి. గన్నవరంలో నది పాయ మీది కాలవ వంతెన అక్విడక్టు మీదుగా రాజోలుకి గంట పైన పట్టింది. బండి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కాలవలో బాతుల అరుపులు లోపలికి వినబడుతున్నాయి. నాలుగయ్యేసరికి స్కూలు గేటు ముందున్నాం. పిన్నిగారి చర్చి పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు, పిల్లలు జీపంతా బంతిపూలు చుట్టేశారు. పిన్నిగారు కొత్త చీరలో ముందు సీటులో కూర్చుని, భయానికి ఆ చిన్న రాడ్డే గట్టిగా పట్టుకున్నారు. బ్యాండు అందుకుంది. నడిచి తిరిగిన దారంతా ఆవిడ బండిలో కూర్చుని చూస్తుంటే వెనక సునీత ఏడుస్తూ నవ్వుతోంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

కాసేపటికి పిన్నిగారు నావైపు వంగి, "ఏమీ చప్పుడు చెయ్యట్లేదు, ఇంజను ఆగిపోలేదు కదా బాబూ?" అన్నారు. అంత పొగడ్త నాకూ, సత్తిబాబుగారికీ ఎవరూ ఇచ్చి ఉండరు. ఇల్లు రాగానే బ్యాండు ఆగింది గాని పిన్నిగారు దిగలేదు. వీధి వైపు చూస్తూ, "అప్పుడే వచ్చేసేమా? ఇంకో చుట్టు తిప్పుతారా బాబూ?" అన్నారు.

నా నోట్లోంచి దానంతటదే వచ్చింది, "ఆయ్."

"ఇది ఏ ఆయండీ?" అంది సునీత వెనక నుంచి. నేను గేరు మార్చాను.

కోనసీమ అనగానే కొబ్బరితోటల గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ రెండక్షరాల మాటే ముందు గుర్తొస్తుంది. ఎదుటివాడి మాట వెంటనే కొట్టిపారెయ్యకుండా ముందు వినడం అనే అలవాటు ఆ గాలిలోనే ఉంది. నాలాంటి తొందర మనిషికి అది ఒక్క రోజులో అంటుకుందంటే చూడండి. పాత బండితో అటు వెళ్ళేవారికి ఒక్క సలహా: మెకానిక్కుని "ఇదేనా?" అని అడక్కండి, "ఏమిటి?" అని అడగండి. పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపించి, చప్పుడు ఆయన్నే విననివ్వండి. పిన్నిగార్లని మాత్రం ఏమీ అడగనక్కర్లేదు. వాళ్ళే అడుగుతారు, మీరు ఆయ్ అనండి.