రెక్కల వీరుడి గెలుపు

మెడలో టేపు వేసుకుని, కత్తెర ఆడిస్తూనే టైలరు వాదించేవాడు. బొమ్మల కథల్లోని రెక్కల వీరుడూ, పిడుగుల వీరుడూ తలపడితే రెక్కలవాడిదే గెలుపని అతని పంతం. పక్క మిషను తొక్కే తమ్ముడిది పిడుగుల పక్షం. "నీవాడి రెక్కలు మాడి మసైపోతాయి, చూస్కో అన్నయ్యా!" అని ఎగిరిపడేవాడు. చిన్నప్పటి నుంచీ తెగని తగువది. నిరుడు విషజ్వరం తమ్ముణ్ణి తీసుకుపోయింది. ఆ మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఈమధ్య ఆ వీరులిద్దరినీ కలిపి సినిమా తీశారు. టైలరు మధ్యాహ్నమే కొట్టు మూసి, ఒక్కడే వెళ్లి చూసొచ్చాడు.

"ఎవరు గెలిచారు మాస్టారూ?" చొక్కా కోసం వచ్చిన బస్సు కండక్టరు అడిగాడు.

"మావాడే," అన్నాడు టైలరు, గుండీ కుడుతున్న చెయ్యి ఆపి. "గెలిచి ఏం లాభం బాబూ? తొండాట అని అరిచేవాడేడీ?"