ఎరుపెక్కని హారతి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పైగా లేవని చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తలో మద్రాసులో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఏటా ఒక పాత విషాద నాటకం పాఠంగా ఉండేది. అందులో హత్య చేసినవాడికి కంటిమీద కునుకుండదు. చేతులు ఎంత కడిగినా నెత్తుటి మరక పోదు. పట్టపగలే చీకటి కమ్ముతుంది, సాధుజంతువులు తిరగబడతాయి.

ఇవన్నీ ప్రతీకలేననీ, మనిషి లోపల తప్పు చేసిన భావమే బయట లోకమంతా తలకిందులైనట్టు కనిపిస్తుందనీ, అంతకుమించి ఏమీ లేదనీ ధీమాగా చెప్పేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు.

మా అక్కను పురసవాక్కంలో పసుపు వ్యాపారం చేసే కుటుంబానికి ఇచ్చారు. తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. బావా, ఆయన తమ్ముడు శేషయ్యా కలిసి కొట్టూ గోడౌనూ చూసుకునేవారు. ఒక వానాకాలం గోడౌనులో పసుపు గోతాల దొంతర కూలి మీద పడి శేషయ్య చనిపోయాడు. అప్పుడు దగ్గరున్నది బావ ఒక్కడే. పడీపడగానే ప్రాణం పోయిందని ఆయన చెప్పాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

నింద మాత్రం శేషయ్య భార్య కమల మీద పడింది. ఇరవయ్యేళ్ళు కూడా నిండని పిల్ల. ఆమె అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్నారు. ఆ మాట మొదట అన్నది బావే. ఏడాది గడిచాక కమలను చిత్తూరు దగ్గర పుట్టింటికి పంపేసి, రెండేళ్ళ కూతుర్ని మాత్రం తమ దగ్గరే ఉంచుకోవాలని కూడా ఆయనే తీర్మానించాడు. అప్పటినుంచి కమల ఆ బిడ్డను చంక దించేది కాదు. చూస్తుంటే నాకు కడుపు మండేది. కానీ ఆ ఇంట్లో బావ మాటకు ఎదురు లేదు.

ఆ ఏడాదంతా ఇల్లు ఇల్లులా లేదు. సాధువైన ఆవు సొంత దూడనే కుమ్మింది. కాచిన పాలు కాచినట్టే విరిగేవి. బావకు నిద్ర లేదు. కొట్టునుంచి రాగానే పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు తోముకునేవాడు. పసుపు చేతులకు సబ్బు తగిలితే ఎర్రబడతాయి. ఆ వ్యాపారంలో పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి తెలియకపోదు. అయినా సబ్బే రుద్దేవాడు, ఎర్రబడ్డ చేతులు చూసుకుని మళ్ళీ రుద్దేవాడు.

నా పాఠం నడిచొచ్చి ఈ పెరట్లో కూర్చుందే అని నవ్వుకున్నాను. సబ్బులో క్షారం, మద్రాసు ఎండ, ఈనిన ఆవు చిరాకు. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి మరి.

సంవత్సరీకం అయ్యాక బావ రామేశ్వరం వెళ్ళి, తమ్ముడి పేర తీర్థాలన్నింటిలోనూ మునిగి, ఒక మధ్యాహ్నం తిరిగొచ్చాడు. మర్నాడు కమలను పంపెయ్యాలి. నేను ఆవేళ అక్కడే ఉన్నాను. యాత్ర చేసి వచ్చినవాళ్ళకు గడప దగ్గర ఎర్రనీళ్ళతో హారతి తీసి దిష్టి తియ్యడం వాళ్ళ ఆనవాయితీ. నీళ్ళలో పసుపు కలిపి కాస్త సున్నం వేస్తే చాలు, క్షణంలో ఎర్రబడతాయి. మనందరం చూసిందే.

ఆ రోజు ఎర్రబడలేదు.

అక్క ఇంకాస్త సున్నం వేసింది. నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. బావ ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. పళ్ళెం చింతపండుతో తోమి ఉంటావు, పులుపు మిగిలిందేమో అన్నాను. వేరే పళ్ళెం తెచ్చింది. నేనే వీధి చివర తమలపాకుల కొట్టుకు వెళ్ళి కొత్త సున్నం తెచ్చాను. నా అరచేతిలో ఆ పసుపూ ఆ సున్నమూ నలిపి చూస్తే ఎర్రగా పండింది. అవే పళ్ళెంలో కలిపితే పచ్చగా ఉండిపోయింది.

ఇంట్లో ఇంకో ఆడమనిషి కమల ఒక్కతే. భర్త పోయినావిడ హారతి పళ్ళెం ముట్టకూడదంటారు. అక్క అటూ ఇటూ చూసి, చివరికి తెగించింది.

"కమలా, నువ్వు రామ్మా. నా చేత కాలా. ఎవురేమన్నా అనుకోనీ, నువ్వు కలుపు."

కమల బిడ్డను దించి, వంటింట్లోనే ఒక గిన్నెలో కలిపింది. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు వెంటనే ఎర్రబడ్డాయి. అక్క వాటిని పళ్ళెంలో పోసుకుని గడప దగ్గరికి వచ్చింది. బావ ముఖానికి ఎదురుగా ఎత్తేసరికి ఆ ఎరుపు అంచులనుంచి విరుగుతూ వచ్చి, నీళ్ళు మొత్తం పచ్చబడ్డాయి. కమల చేత మళ్ళీ కలిపించింది. మళ్ళీ అదే జరిగింది.

బావ ఆ పళ్ళెం వంకే చూస్తూ గడపమీద కూలబడ్డాడు.

"వాడు ఆడ బతికే ఉండాడే," అన్నాడు అక్కతో. "గోతాల కిందనించి అన్నా, అన్నా అని పిలస్తానే ఉండాడు. పొద్దున్నే వేరుపడదామని నాతో కొట్లాడినాడు. ఆ కోపం. కాసేపు పడి ఉండనీలే అని గోడౌను వాకిట్లోనే నిలబడినా. లోపలికి పొయ్యేతలికి పిలవడం నిలిచిపోయినాది."

అక్క చేతిలోంచి పళ్ళెం జారిపోయింది. కమల ఏడవలేదు. లోపలికి వెళ్ళి బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"పాపను తీసుకొని పోతా ఉండానక్కా. ఈడ ఇంక ఒక్క పూట గూడా ఉండను" అంది.

బావ తలెత్తలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

వంటింట్లో గిన్నెలో మిగిలిన నీళ్ళు ఒక సీసాలో పోసి, తర్వాత మా కాలేజీలో కెమిస్ట్రీ మాస్టారికి చూపించాను. ఎర్రగానే ఉన్నాయి. పసుపూ సున్నమూ తప్ప ఇంకేమీ లేదని చెప్పి, ఎందుకని అడిగాడు. చెబితే నవ్వుతాడని చెప్పలేదు. పళ్ళెంలో ఆ రంగు ఎందుకు విరిగిందో నాకు ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు.

ఆ సాయంత్రం కమలకు తోడుగా స్టేషనుకు వెళ్ళింది నేనే. బెంచీమీద కూర్చున్నాక ఊరుకోలేక, నీళ్ళలో ఏదో పులుపు కలిసే ఉంటుందని ఆమెకు నచ్చజెప్పబోయాను. నా నోటి దురద అలాంటిది.

కమల నిద్రపోతున్న బిడ్డను భుజంమీదికి సర్దుకుంది.

"నీళ్ళ సంగతి ఎట్టన్నా పోనీ అన్నయ్యా. ఆయన ఎంతసేపు పిలిచినాడో, అది ఎవురు చెప్తారు నాకు?"